తొలి కస్టమర్ల దగ్గరికి వ్యవస్థాపకులే వెళ్లాలా?

కొత్తగా పెట్టిన సంస్థలో అమ్మకాల బాధ్యత ఎవరు చూసుకోవాలన్న అంశంపై ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. అందుకే వేర్వేరు వ్యాపారాలకు చెందిన ఆరు ఉత్తరాలను ఎంచుకుని జవాబులు ఇస్తున్నాం. పంపినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మేము ముగ్గురు ఇంజినీరింగ్ స్నేహితులం. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. మాలో ఎవరికీ మాటకారితనం లేదు. నెలకు 60 వేల జీతం ఇచ్చి, పెద్ద కంపెనీలో పదేళ్లు పనిచేసిన సేల్స్ మేనేజరును పెట్టుకోవాలనుకుంటున్నాం. ఇది సరైన నిర్ణయమేనా? (గుంటూరు)

ఇప్పుడే వద్దని నా గట్టి అభిప్రాయం. పదేళ్ల అనుభవం ఉన్న మేనేజరుకు అమ్మడం తెలుసు, సందేహం లేదు. అయితే ఆయన ఇన్నాళ్లూ అమ్మింది అప్పటికే జనానికి పేరు తెలిసిన కంపెనీ సరుకు. ధరల పట్టిక, ఎంతవరకు తగ్గించవచ్చన్న నియమం, ఎవరిని కలవాలన్న జాబితా అన్నీ ఆయన చేతికి తయారుగా వచ్చేవి. మీ దగ్గర వీటిలో ఒక్కటీ లేదు. మీ సాఫ్ట్‌వేర్‌ను కోల్డ్ స్టోరేజీ యజమాని తనంతట కొంటాడా, చదువుకుని వచ్చిన ఆయన కొడుకు కొనిపిస్తాడా, గుమస్తా అడ్డుపడతాడా, ఎంతకు కొంటారు, ఏ నెలలో కొంటారు అన్నది ఇంకా ఎవరికీ తెలియదు. ఈ దశలో అమ్మకమంటే ముందుగా ఇవి తెలుసుకోవడమే. దాన్ని జీతగాడికి అప్పగిస్తే, యజమాని కాదన్న ప్రతిసారీ మీకు అందేది ‘వాళ్లకు ఆసక్తి లేదు సార్’ అన్న ఒక్క ముక్క. ఆ తర్వాత టీ తాగుతూ ఆ యజమాని అన్న నాలుగు మాటలు మీదాకా రావు. ఒకవేళ వచ్చినా, సాఫ్ట్‌వేర్‌ను మార్చే అధికారం ఆ మేనేజరుకు ఉండదు. ‘వద్దు’ అన్న మాటను చెవులారా వినేవారూ, దాన్నిబట్టి సరుకునూ ధరనూ మార్చగలిగేవారూ ఒక్కరే అయినప్పుడే తొలి రోజుల్లో పని ముందుకు సాగుతుంది. ఈ నెల జవాబులన్నిటికీ నేను ఆధారం చేసుకున్న విషయం ఇదే.

మీ రంగాన్నే తీసుకుందాం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏదో ఒక రోజు కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఒక పూట కూర్చోండి. లారీ వచ్చి ఆగుతుంది, హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతారు, గుమస్తా రైతు పేరు, ఊరు, కమీషన్ ఏజెంటు పేరు, లాట్ నంబరు, టిక్కీల సంఖ్య, ఏ ఛాంబరులో పెట్టారన్న వివరం పుస్తకంలో ఎక్కించి బాండు, అంటే సరుకు దాచినట్టు రసీదు, రాసిస్తాడు. ఇంతవరకు మీ సాఫ్ట్‌వేర్ తప్పు లేకుండా చేస్తుందనే అనుకుంటాను. కానీ బాండు కథ అక్కడితో ఆగదు. దాన్ని చూపించి రైతో వ్యాపారో బ్యాంకులో అప్పు తీసుకుంటాడు. అప్పు తీరి బ్యాంకు అనుమతి పత్రం వచ్చేదాకా ఆ లాట్ గేటు దాటకూడదు. హడావిడిలో ఒక లాట్‌కు బదులు ఇంకొకటి బయటికి వెళ్లిపోతే బ్యాంకు నిలదీసేది యజమానినే. కాబట్టి ఏ సరుకు తాకట్టులో ఉంది, ఏది ఖాళీగా ఉంది అన్నది ఒక్క చూపులో తెలియజేసే తెర ఆయనకు కావాల్సి ఉండవచ్చు. టిక్కీల లెక్క ఆయన గుమస్తా నోటిలెక్కగా కూడా చెప్పగలడు. ఈ తేడా మీ గదిలో కూర్చుంటే తట్టదు, అక్కడ కూర్చుంటే తడుతుంది.

అదే ఆఫీసులో గుమస్తాను కూడా జాగ్రత్తగా గమనించండి. ఇరవై ఏళ్లుగా ఆ పుస్తకం ఆయన చేతిలో ఉంది. మీరు తెచ్చిన కంప్యూటరు తన అన్నం తీసేస్తుందని ఆయనకు అనిపిస్తే, యజమాని డబ్బు కట్టినా ఆయన అందులో ఒక్క లాట్ కూడా ఎక్కించడు. బాండు రాయడంలో ఆయన కష్టం ఎంత తగ్గుతుందో ముందు ఆయనకే చూపించండి, ఆయన చెప్పిన మార్పు ఒకటైనా వారంలోగా చేసి మళ్లీ చూపించండి. ఇలాంటి చోట సాఫ్ట్‌వేర్ రాసినవాడే స్వయంగా ఎదురుగా ఉంటే కలిగే నమ్మకం, ఎంత మాటకారి మేనేజరు వచ్చినా కలగదు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పి, తెలియనిదాన్ని తెలుసుకుని చెబుతానని ఒప్పుకునే మనిషిని మన వ్యాపారులు తేలిగ్గానే నమ్ముతారు. మీ మితభాషిత్వం గురించి దిగులు వద్దు.

వేళ కూడా ముఖ్యం. సీజన్‌లో యజమానికి మీ మాట వినే తీరిక ఉండదు. అప్పుడు చూడటానికి వెళ్లండి, అమ్మడానికి వెళ్లకండి. మిర్చి యార్డు వేసవి సెలవులు ముగిసి, సరుకు ఛాంబర్లలో నిలకడగా ఉన్న నెలల్లో బేరం మాట్లాడండి. జనవరికల్లా అమరిక పూర్తయ్యేలా చూసుకుంటే కొత్త పంట వచ్చేసరికి సిద్ధంగా ఉంటారు.

ఇదివరకు ఈ దారిలో నడిచిన మనవాళ్లున్నారు. దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకని అనుభవం నుంచి ఫణీంద్ర సామ, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు 2006లో బెంగళూరులో రెడ్‌బస్‌ను మొదలుపెట్టారు. ముగ్గురూ ఇంజినీర్లే. మొదట వాళ్లు తయారుచేసింది బస్సు ఆపరేటర్ల కోసం ఒక సాఫ్ట్‌వేర్. దాన్ని పట్టుకుని ఆపరేటర్ల దగ్గరికి వెళితే వాళ్లు ఆసక్తి చూపలేదు. ఆపరేటర్లకు కావాల్సింది సాఫ్ట్‌వేర్ కాదని, సీట్లు అమ్మిపెట్టేవాళ్లని అర్థమయ్యాక, కొన్ని సీట్లు తీసుకుని ఇంటర్నెట్‌లో అమ్మి చూపించారు. ఆ మలుపు తిరగాలంటే ఆపరేటరు ముఖంలో అనాసక్తిని వ్యవస్థాపకులే చూసి ఉండాలి. 2013లో ఐబిబో గ్రూపు ఆ సంస్థను కొనుక్కుంది. ఆపరేటర్లను ఒప్పించే పనిని 2006లో ఒక మేనేజరుకు వదిలేసి ఉంటే, మంచి సాఫ్ట్‌వేర్‌ను అమ్మలేని అసమర్థుడని ఆయన్ను మార్చి ఇంకొకరిని పెట్టుకునేవారేమో.

60 వేల చొప్పున ఏడాదికి 7 లక్షల 20 వేలు అవుతుంది. అందులో చిన్న భాగంతో మీరు గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా ఉన్న కోల్డ్ స్టోరేజీలన్నీ తిరిగి రావచ్చు. ముగ్గురిలో ఒకరు పూర్తిగా ఈ పని మీదే ఉండండి. కోడ్ రాసే మిగతా ఇద్దరూ వారానికి ఒకసారైనా వంతుల వారీగా తోడు వెళ్లండి. విన్నవారి నోట వినడం వేరు, తానే వినడం వేరు.

ప్రశ్న: మా సంస్థ చిన్న ఆసుపత్రులకు బిల్లింగ్, అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. మూడు ఆసుపత్రుల్లో ఆరు నెలలుగా ఉచితంగా వాడుతున్నారు. డాక్టర్లు చాలా బాగుందంటారు. డబ్బు మాట ఎత్తితే ‘చూద్దాం’ అంటారు. ఎలా అడగాలి? (హైదరాబాద్)

మన ప్రాంతంలో ఎదుటి మనిషి ముఖం మీద కాదనడం మర్యాద కాదని పెద్దలు భావిస్తారు. అందులోనూ కష్టపడి పైకి వస్తున్న కుర్రాళ్లను నొప్పించడం డాక్టరు గారికి ఇష్టం ఉండదు. అందుకే ‘బాగుంది’, ‘చూద్దాం’, ‘ఫోన్ చేస్తాం లెండి’ అన్న మాటల్ని మీరు అంగీకారాల కింద జమ వేసుకోకూడదు. తేదీ, డబ్బు ఈ రెండూ చేరనంతవరకు ఏ మాటకూ వ్యాపారంలో విలువ లేదని అనుకుని మొదలుపెట్టండి. ఇకమీదట అభిప్రాయం అడగడం మానేయండి. పోయిన ఏడాది ఆసుపత్రిలో ఏ కంప్యూటరు పనికి డబ్బు ఖర్చుపెట్టారు, ఆ ఖర్చుకు సంతకం ఎవరు చేశారు, ఈ పని ఇప్పుడు ఎవరి చేత ఎలా చేయిస్తున్నారు అని అడగండి. జరిగిపోయిన ఖర్చు గురించి మనుషులు నిజమే చెబుతారు.

రెండో సంగతి, మీరు మాట్లాడుతున్నది సరైన మనిషితోనేనా అన్నది. ముప్పై నలభై పడకల ఆసుపత్రిలో డాక్టరు గారు యజమానే అయినా, డబ్బు లెక్కలు అడ్మినిస్ట్రేటరో, అకౌంటెంటో, చాలాచోట్ల డాక్టరు గారి భార్యో చూస్తుంటారు. ఆ మనిషి బల్ల దగ్గర ఒక రోజు గడపండి. అక్కడ ఆరోగ్యశ్రీ కేసుల ఫైళ్లు, బీమా క్లెయిముల ఫైళ్లు దొంతరలుగా కనిపిస్తాయి. ముందస్తు అనుమతి, కేస్ షీటు, స్కాన్ రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ సరిగ్గా జతపరిచి పంపితే కూడా ఆ డబ్బు ఆలస్యంగానే వస్తుంది. ఒక్క కాగితం తక్కువైనా క్లెయిము వెనక్కి వస్తుంది. బకాయిలు పేరుకుపోయాయని ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తామనడం రెండు రాష్ట్రాల్లోనూ పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. అటువంటి చోట అపాయింట్‌మెంట్ యాప్ ‘బాగుంటుంది’ గానీ, చెక్కు మీద సంతకం చేయించదు. ఏ ఫైల్లో ఏ కాగితం లోపించిందో పంపకముందే చెప్పే ఏర్పాటు ఉంటే అది ఆ సంతకం చేయిస్తుందేమో పరీక్షించి చూడండి. మీ మూడు ఆసుపత్రుల్లో గత మూడు నెలల్లో వెనక్కి వచ్చిన క్లెయిములు ఎన్ని, ఎందుకు వచ్చాయి అన్నది ఆ బల్ల దగ్గరే తెలుస్తుంది.

ధర విషయంలో చాలామంది కుర్రాళ్లు గమనించని మెలిక ఒకటుంది. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, ఆసుపత్రి మీకు కట్టే 18 శాతం పన్నును మామూలు వ్యాపారిలా వెనక్కి సర్దుకోలేదు. ఏడాదికి 60 వేలని మీరు చెబితే, పన్ను 10,800 కలిసి ఆసుపత్రి జేబులోంచి పోయేది 70,800. బేరం ముగిశాక ఈ మాట బయటపడితే మీరు దాచారని అనుకుంటారు. అకౌంటెంటుతో మొదటిరోజే మొత్తం అంకె చెప్పండి.

ఉచితంగా ఇచ్చిన మూడింటి సంగతి. వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఇంత రుసుము ఉంటుందని, ఇన్నాళ్ల సహకారానికి కృతజ్ఞతగా మొదటి ఏడాది ఇంత తగ్గిస్తున్నామని, మర్యాదగా ఒక ఉత్తరం రాసి మీరే స్వయంగా చేతికివ్వండి. ఒక్కరైనా కడితే ఎందుకు కట్టారో అడిగి తెలుసుకోండి. వెళ్లిపోయేవారిని నొప్పించకుండా వెళ్లనివ్వండి, వారి డేటా మొత్తం వారికి అప్పగించండి. ఇకముందు ఎవరికైనా పరీక్షగా ఇవ్వాల్సివస్తే 30 రోజులని, కొద్దిపాటి మొత్తం ముందే చెల్లించాలని, ఏది సాధిస్తే కొనసాగిస్తారన్నది కాగితం మీద రాసుకోండి.

ఒప్పుకున్నవాళ్లను ‘లింకు పంపుతాం, చూసుకోండి’ అని వదిలి రావద్దు. చెల్లింపుల సంస్థ స్ట్రైప్‌ను నెలకొల్పిన పాట్రిక్, జాన్ కొలిసన్ సోదరులు తొలి రోజుల్లో, వాడి చూస్తానని ఎవరైనా అన్న వెంటనే వారి ల్యాప్‌టాప్ అందుకుని అక్కడికక్కడే అమర్చి ఇచ్చేవారని సిలికాన్ వ్యాలీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మీ విషయంలో దాని అర్థం ఏమిటంటే, ఆ ఆసుపత్రి కన్సల్టేషన్ రేట్లు, గదుల అద్దెలు, పరీక్షల ధరల పట్టిక మీరే కూర్చుని ఎక్కించి, మొదటి బిల్లు రిసెప్షన్‌లోని అమ్మాయి చేత తీయించి బయటికి రావాలి.

ప్రశ్న: మా అబ్బాయి మంచి ఉద్యోగం వదిలి స్నేహితుడితో కలిసి కంపెనీ పెట్టాడు. ఇప్పుడు బ్యాగు తగిలించుకుని షాపు షాపు తిరుగుతున్నాడు. ‘ఇంజినీరింగ్ చదివించింది ఏజెంటు పనికా’ అని బంధువులు అంటుంటే బాధగా ఉంది. మనిషిని పెట్టుకోమని చెప్పాలా? (కరీంనగర్)

చెప్పకండి. మీ అబ్బాయి ఇప్పుడు చేస్తున్నది ఆ కంపెనీలో అన్నిటికన్నా కష్టమైన పని, దాన్ని తన భుజాన వేసుకున్నాడంటే సంతోషించాల్సిన విషయం. ప్రభుత్వ శాఖలో పనిచేస్తున్న కర్సన్‌భాయ్ పటేల్ 1969లో తాను ఇంట్లో కలిపిన బట్టల పొడిని సైకిలు మీద పెట్టుకుని అహ్మదాబాద్‌లో గడప గడపకూ వెళ్లి అమ్మారు. నిర్మా అలా మొదలైంది. ఆయన చదువు కూడా రసాయన శాస్త్రమే, దానికి సైకిలు వల్ల అగౌరవం కలగలేదు.

మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. ఒక రోజు అబ్బాయితో పాటు వెళ్లి, నాలుగు షాపుల్లో అతను మాట్లాడుతుంటే పక్కన ఉండండి. బంధువులకు ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది. ఎన్నాళ్లు ప్రయత్నించాలి, ఇంటి డబ్బు ఎంతవరకు పెట్టాలి అన్న హద్దును తండ్రీకొడుకులు ముందే కూర్చుని తేల్చుకోవడం మాత్రం తప్పకుండా చేయండి. ఆ హద్దు ఉంటే అతనూ నిబ్బరంగా తిరుగుతాడు.

ప్రశ్న: నేను జొన్న, కొర్రలతో ఇడ్లీ పిండి మిశ్రమాలు తయారుచేస్తున్నాను. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉంది. ఒక డిస్ట్రిబ్యూటరు జిల్లా మొత్తం తానే చూసుకుంటానంటున్నారు, కానీ ఎక్కువ మార్జిన్, రెండు నెలల ఉద్దెర అడుగుతున్నారు. ఇవ్వనా? (హనుమకొండ)

అమ్మా, ఇంకొన్నాళ్లు ఆగండి. డిస్ట్రిబ్యూటరు మీ సరుకును షాపు దాకా చేరుస్తారు. షాపులోంచి ఇంటికి వెళ్లిందా, ఆ ఇంట్లో రెండోసారి తెప్పించుకున్నారా అన్నది ఆయన చెప్పలేరు. మీకు ఇప్పుడు తెలియాల్సింది ఆ రెండోసారి సంగతే. రెండు నెలల ఉద్దెర ఇచ్చి జిల్లా అంతా సరుకు నింపితే, అమ్ముడుపోనిదంతా గడువు తీరాక మీ ఇంటికే తిరిగివస్తుంది. అప్పటికి మీ పెట్టుబడి అయిపోతుంది.

మీ చుట్టుపక్కల పది పదిహేను కిరాణా షాపులు ఎంచుకుని మీరే వేయండి. పొద్దున, సాయంత్రం గిరాకీ వేళల్లో వెళితే షాపతను తలెత్తడు. మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య వెళ్లండి. ఒక్కో షాపులో ఐదారు ప్యాకెట్లకు మించి పెట్టకండి, నగదుకే ఇవ్వండి, అమ్ముడుపోకపోతే మీరే తీసుకుంటానని మాటివ్వండి. వారం తర్వాత వెళ్లినప్పుడు ముందు అరలోకి చూడండి. మీ ప్యాకెట్లు కంటికి ఎదురుగా ఉన్నాయా, అడుగు అరలో దుమ్ముపట్టి ఉన్నాయా అన్నది షాపతను చెప్పేదానికంటే ఎక్కువే చెబుతుంది. ఎవరు కొన్నారని అడగండి. షుగరు ఉన్న పెద్దవాళ్ల కోసం కొన్నారా, పిల్లల టిఫిన్ డబ్బా కోసం కొన్నారా అన్నదాన్నిబట్టి ప్యాకెట్ మీద రాత, ప్యాకెట్ సైజు రెండూ మారాల్సి రావచ్చు.

ఆదివారాల్లో అపార్టుమెంట్లలో, పార్కుల దగ్గర వేడివేడిగా ఇడ్లీ వేసి రుచి చూపించండి. ఇది కొత్త పద్ధతేమీ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కొత్తలో సంగీత సభలకు వచ్చినవారికి దాన్ని ఉచితంగా పంచి అలవాటు చేశారు. ఆ అమృతాంజనం ఆదాయమే తర్వాత 1908లో ఆంధ్రపత్రికకు అండ అయింది. తలనొప్పి మందును నలుగురూ చేరే చోట మనిషి చేతిలోనే పెట్టాలన్న ఆలోచనలో ఎంత లోతుందో చూడండి. వాడినవాడు పక్కవాడికి అక్కడే చెబుతాడు.

అడగకుండానే షాపుల నుంచి మళ్లీ ఫోన్లు వస్తున్నప్పుడు ఆ డిస్ట్రిబ్యూటరుతో కూర్చోండి. ఏ షాపులో నెలకు ఎన్ని పోతున్నాయో మీ పుస్తకంలో ఉంటుంది కాబట్టి, మార్జిన్ బేరం అప్పుడు మీ చేతిలో ఉంటుంది.

ప్రశ్న: మా కస్టమర్లు అమెరికాలోని చిన్న సంస్థలు. మేము రాజమహేంద్రవరంలో ఉండి పనిచేస్తున్నాం. వెళ్లి కలవడానికి డబ్బు లేదు. వ్యవస్థాపకులే అమ్మాలన్న సలహా మాకు వర్తిస్తుందా? (రాజమహేంద్రవరం)

వర్తిస్తుంది. చెన్నైలో 2010లో మొదలైన సాఫ్ట్‌వేర్ సంస్థ ఫ్రెష్‌వర్క్స్‌కు తొలి కస్టమరు ఆస్ట్రేలియాలోని ఒక విద్యాసంస్థ. ఎవరూ విమానం ఎక్కి వెళ్లి అమ్మలేదు. ఆ ఫ్రెష్‌వర్క్సే 2021లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో నమోదైంది. దూరం వల్ల పోయేదాన్ని వేగంతో పూడ్చుకోవాలి. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఆ వేళ నుంచి అర్ధరాత్రి దాకా ఎవరు ప్రశ్న పంపినా నిమిషాల్లో జవాబు మీ నుంచే వెళ్లేలా, వీలైతే వీడియోలో మీరే ఎదురయ్యేలా చూసుకోండి.

ఒక్క హెచ్చరిక. తానా, ఆటా సభల పరిచయాలతోనో, బంధువుల ద్వారానో అక్కడి మనవాళ్ల సంస్థలకు మొదట అమ్మడం సులువుగా కనిపిస్తుంది. వారి ఆదరణను గౌరవించండి, సలహాలు తీసుకోండి, అయితే మీ సరుకుకు గిరాకీ ఉందనడానికి దాన్ని రుజువుగా తీసుకోకండి. మీ ఊరు, మీ ఇంటిపేరు తెలియని మనిషి కార్డు నంబరు కొట్టి కొన్నరోజే ఆ లెక్క మొదలవుతుంది.

ప్రశ్న: కర్మాగారాల యంత్రాల కదలికలను గమనించే పరికరం తయారుచేసి ఒక పెద్ద సంస్థకు అమ్మాను. ఐదు నెలలైనా డబ్బు రాలేదు. గట్టిగా అడిగితే సంబంధం చెడుతుందని భయం. ఇప్పుడు 14 మంది కస్టమర్లున్నారు, అన్నీ నేనే చూసుకోలేక అలసిపోతున్నాను. సేల్స్ మనుషుల్ని ఎప్పుడు పెట్టుకోవాలి? (విశాఖపట్నం)

రెండు ప్రశ్నలకూ విడివిడిగా చెబుతాను. బాకీ అడగడం అమ్మకంలో చివరి మెట్టు, దాన్ని మొదట మీరే ఎక్కాలి. మీతో బేరం కుదిర్చిన ఇంజినీరుకు ఫోన్ చేసి ప్రయోజనం ఉండదు. ఆ సంస్థలో బిల్లులు పాస్ చేసే అకౌంట్స్ విభాగంలో మనిషిని కనుక్కోండి. పర్చేజ్ ఆర్డరు నంబరు బిల్లు మీద వేశారా, సరుకు అందినట్టు స్టోర్స్ నుంచి నమోదు పడిందా, మీ వెండర్ కోడ్‌లో (సరఫరాదారుగా మీకిచ్చిన నంబరు కింద) బ్యాంకు వివరాలు సరిగ్గా ఉన్నాయా అని అడగండి. చాలాసార్లు ఐదు నెలల ఆలస్యం వెనుక ఇలాంటి చిన్న లోపమే ఉంటుంది, ఎవరూ మీకు ఫోన్ చేసి చెప్పరంతే.

అన్నీ సరిగ్గా ఉండీ ఇవ్వకపోతే చట్టం మీ పక్షాన ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోగా, లేకపోతే 15 రోజుల్లోగా చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఇలాంటి బాకీల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఇందుకు మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉండాలి. పైగా, గడువు దాటిన బాకీని చెల్లించేదాకా ఖర్చుగా చూపించుకునే వీలు కొనుగోలుదారుకు లేకుండా ఆదాయపు పన్ను చట్టంలో 2024-25 మదింపు సంవత్సరం నుంచి నిబంధన వచ్చింది. ఈ మాట గుర్తుచేస్తూ ఆర్థిక సంవత్సరం ముగియడానికి ముందు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే, ఫిర్యాదు దాకా వెళ్లకుండానే కదలిక వచ్చే అవకాశం ఉంది. సంబంధం చెడుతుందని వెనకాడకండి. అందని డబ్బుకు కూడా బిల్లు వేసిన నెల జీఎస్టీ మీరు కట్టేశారు. రాబోయే ఆర్డర్లలో కనీసం మూడో వంతు ముందుగా ఇవ్వాలన్న షరతును ధర చెప్పేటప్పుడే చెప్పండి.

ఇక మనుషుల సంగతి. 14 అన్న అంకెను కాసేపు పక్కన పెట్టి, ఆ 14 మందిలో చివరి ఐదుగురు ఎలా కొన్నారో రాయండి. ఒకే రకం కర్మాగారాలా, ఒకే హోదాలో ఉన్న మనిషి నిర్ణయించాడా, ఒకే సమస్య చెప్పాడా, అభ్యంతరాలు ఒకేలా వచ్చాయా, ఇంచుమించు ఒకే ధరకు తెగిందా? అవునంటే, మీరు చేస్తున్న పనిని ఇంకొకరికి నేర్పవచ్చు. ఐదుగురూ ఐదు కారణాలతో కొని ఉంటే, ఎంత అలసటగా ఉన్నా ఇంకొన్నాళ్లు మీరే తిరగాలి. అలసట తగ్గడానికి బిల్లులు, అమరిక, ప్రయాణ ఏర్పాట్లు చూసే మనిషిని ముందు పెట్టుకోండి, కస్టమరు ఎదుట కూర్చునే పనిని మీ దగ్గరే ఉంచుకోండి.

నేర్పే దశ వచ్చిందనుకుంటే, పెద్ద హోదా ఉన్న ఒక్కరికి బదులు, కర్మాగారాల వాతావరణం తెలిసిన ఇద్దరు కుర్రవాళ్లను తీసుకోండి. ఒక్కరే ఉంటే, అమ్మకం జరగనప్పుడు లోపం మనిషిదా సరుకుదా తేల్చలేరు. మొదటి నెల వాళ్లు మీ వెంట వచ్చి వినాలి, రెండో నెల వాళ్లు మాట్లాడుతుంటే మీరు పక్కన కూర్చుని వినాలి, మధ్యలో కల్పించుకోకూడదు. కమీషన్‌ను ఆర్డరు వచ్చినప్పుడు కాక డబ్బు బ్యాంకులో పడ్డాక ఇవ్వండి. ఇప్పుడు మీరు పడుతున్న ఐదు నెలల ఇబ్బందిని వాళ్లు మొదటిరోజు నుంచే గుర్తుపెట్టుకుంటారు. ఇద్దరూ స్థిరపడ్డాక కూడా నెలకు రెండు మూడు కొత్త కర్మాగారాలకు మీరు స్వయంగా వెళుతూ ఉండండి. ముఖ్యంగా, వాళ్లు ప్రయత్నించి వదిలేసిన చోటికి.